దారం కట్టిన కాయలు

అమృతమ్మ తల్లి చనిపోయేటప్పుడు కూతురికి నగా నట్రా ఏమీ ఇవ్వలేదు. ఉంటే కదా ఇవ్వడానికి. పొయ్యి వెనక గూట్లోంచి ఒక గురిగి తెప్పించి చేతిలో పెట్టింది. మూతికి గుడ్డ కట్టిన చిన్న మట్టి గురిగి. దాని నిండా బూడిద, బూడిదలో వంకాయ గింజలు.

ఆ వంకాయ వాళ్ళ ఇంటి ఆడవాళ్ళది. తల్లికి వాళ్ళమ్మ ఇచ్చింది, ఆమెకు వాళ్ళమ్మ. కాయ గుండ్రంగా, ఆకుపచ్చ మీద తెల్ల చారలతో ఉంటుంది. తొడిమ నిండా ముళ్ళు, కోస్తుంటే వేళ్ళు గుచ్చుకుంటాయి. ఉడికితే మాత్రం వెన్న. జనగామ అవతల ఆ నాలుగూళ్ళలో పెళ్ళి కూర ఆ వంకాయతోనే వండేవాళ్ళు. తల్లి గురిగి ఇస్తూ ఒక్క మాటే చెప్పింది: "ఉన్నయన్ని పోసుకోకు బిడ్డా. సగం నారు పోసుకో, సగం బూడిదల ఉండనియ్యి."

పదకొండేళ్ళు అమృతమ్మ ఆ మాట తప్పలేదు. తరవాత రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేశాయి. బావి అడుగున బురద కూడా ఎండి నెర్రెలిచ్చింది. కౌలు భూమి వదిలేసి, అరవై ఆరులో మొగుడు రాజలింగుతో పట్నం వచ్చేసింది. నెత్తి మీద బట్టల మూట, చంకలో గురిగి.

లాలాపేటలో గుడిసె వేసుకున్నారు. గుడిసె కింద బండ, గుడిసె ముందు బండ, నాలుగు మెతుకులు ఆరబోసుకోవడానికి బాగుంటుందేమో గాని గింజ నాటడానికి చారెడు మన్ను లేదు. రాజలింగు యూనివర్సిటీ తోటలో రోజుకూలీకి కుదిరాడు. అమృతమ్మ క్యాంపస్ క్వార్టర్లలో రీడరు భీమశంకరం గారింట్లో అంట్లు తోమడానికి కుదిరింది. గురిగి గుడిసె గూట్లో కూచుంది.

భీమశంకరం గారు కెమిస్ట్రీ చెప్పేవారు. మంచాయన. చదవడం అంటే ఆయనకు ప్రాణం, చదివినదాన్ని ఇంకొకళ్ళ చేత చేయించడం అంటే ఇంకా ప్రాణం. ఆయన పెరట్లో జానెడు మట్టి, ఆ కింద బండ. బంతి మొక్క కూడా మూడు నెలలు మొహమాటానికి నిలబడి పోయేది. అరవై ఎనిమిది ఎండాకాలంలో ఆయన ఏదో పత్రిక పట్టుకుని పెరట్లోకి వచ్చి రాజలింగును పిలిచారు.

"నేలను తవ్వక్కర్లేదయ్యా రాజలింగూ. నేలనే పైకి తెద్దాం. చుట్టూ రాతి గట్టు కట్టి, లోపల మోకాలెత్తు మట్టి నింపితే అదే మడి. ఇదిగో, బొమ్మ చూడు."

రాజలింగు బొమ్మ చూశాడు, తలకాయ ఊపాడు. బొమ్మలో మట్టి ఎవరు మోశారో వెయ్యలేదు.

మోసింది అమృతమ్మ. రాజలింగు రాళ్ళు ఏరుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో మొరం దట్టించి నాలుగు మళ్ళు కట్టాడు. ఒక్కో మడి పది అడుగుల పొడుగు, చెయ్యి చాస్తే నడుమ దాకా అందేటంత వెడల్పు. లాలాపేట చెరువు ఎండిపోయి ఉంది. అందులోంచి ఒండు మట్టి తవ్వి, గంపకెత్తి, ఎండలో మైలు దూరం నడిచి ఆమె పోసింది. అడుగున ఎండుటాకులు, ఆ పైన ఒండు, ఆ పైన లాలాపేట బర్రెల కొట్టాల నుంచి తెచ్చిన మాగిన పెంట, మళ్ళీ ఒండు. నెల రోజులు పట్టింది. నడినెత్తిన వెంట్రుకలు రూపాయంత మేర ఊడిపోయాయి, అవి మళ్ళీ రాలేదు.

మోస్తున్నప్పుడే ఆమెకు ఆశ పుట్టింది. బూడిదలో గింజలకు అప్పటికే రెండేళ్ళు దాటాయి. ఇంకో వాన పోతే మొలకెత్తవు. ఇంత మంచి మన్ను తన నెత్తి మీద నుంచే దిగింది, అందులో తన గింజ ఎందుకు పడకూడదు? రీడరు గారి భార్య ప్రమీలమ్మ కాఫీ గ్లాసు ఇవ్వడానికి పెరట్లోకి వస్తే అడిగేసింది.

"అమ్మా, గీ రెండు మళ్ళల్ల మా ఇత్తునం పోస్త. మా అమ్మ ఇచ్చిన వంకాయ. తినే కాయంత మీది. ఇత్తునపు కాయ మాత్రం నాది. మంచి కాయలు చూసి ఎర్ర దారం కడత. గా దారం కట్టినయి ఎవ్వలు ముట్టద్దు."

"నీ కాయలు నీవేలే అమృతమ్మా. ఎవరూ ముట్టుకోరు," అంది ప్రమీలమ్మ. మాట మీద నిలబడే మనిషి. వంటాయనకు కూడా ఆ రోజే చెప్పింది.

వాళ్ళ ఊళ్ళో అయితే ఈ మాట ఎవరికీ చెప్పక్కర్లేదు. దారం కట్టిన కాయను దొంగ కూడా కోయడు. కోపంతో ఒకరి పొలం మీదికి పశువుల్ని తోలినవాళ్ళు సైతం ఆ మొక్క పక్కకు వచ్చేసరికి తప్పుకుని నడిచేవాళ్ళు. అది ఒక్క ఇంటి కాయ కాదు, ఊరందరికీ రేపటి నారు.

మృగశిర పోగానే అమృతమ్మ గురిగి విప్పింది. సగం గింజలు అరచేతిలోకి తీసుకుంది. తేలిగ్గా అనిపించాయి, ఊదితే లేచిపోయేట్టున్నాయి. ముసలి గింజలు, ఇందులో ఎన్ని మొలుస్తాయో. గురిగిలో మిగిలిన సగం వచ్చే ఏటికి ఎలాగూ చచ్చిపోతాయి. చాలాసేపు అట్లాగే కూచుని, చివరికి గురిగి బోర్లించి బూడిద జల్లించి అన్నీ ఏరి నారుమడిలో చల్లేసింది. తల్లి మాట తప్పడం అదే మొదలు. బూడిదను మాత్రం మళ్ళీ గురిగిలోకే ఎత్తి గూట్లో పెట్టింది.

ఇరవై మూడు మొలిచాయి. ఇరవై మూడింటినీ ఎత్తు మళ్ళలో నాటి బిడ్డల్లా చూసుకుంది. పొద్దున అంట్లు తోమి ఒకసారి, సాయంత్రం ఇల్లు చిమ్మి ఒకసారి, ఆకు వెనక ఆకు తిప్పి పురుగు ఏరేది. మట్టి బాగా ఎత్తుగా ఉందేమో, వాన నీళ్ళు నిలవలేదు, వేరు కుళ్ళలేదు. దసరా నాటికి కాపు మొదలైంది. రీడరు గారు వచ్చినవాళ్ళందరినీ పెరట్లోకి తీసుకువెళ్ళి మళ్ళు చూపించేవారు, బుట్టల్లో కాయలు పంచేవారు. అమృతమ్మ గుట్టుగా బలమైన మొక్కలు మూడు ఎంచుకుని, వాటి మీద ఏడు కాయలకు తన పాత చీర అంచు నుంచి లాగిన ఎర్ర పోగులు కట్టింది. ఆ ఏడు కాయలూ కార్తీకం పోయేసరికి బోండాలంత అయ్యాయి. చారలు మసకబారాయి. ఇంకో పన్నెండు రోజులు చెట్టున ఉంటే పసుపు తిరుగుతాయి. అప్పుడు కోసి, నీడన పెట్టి మాగేసి, నీళ్ళలో పిసికితే గింజ చేతికొస్తుంది.

సరిగ్గా అప్పుడే ఊరి నుంచి కబురు వచ్చింది. పెదనాయన పోయాడు. అమృతమ్మ మొగుడికి పదిసార్లు చెప్పింది, నీళ్ళు మరిచిపోకు, కాయల కింద గడ్డి పరుచు అని. చెప్పి రైలెక్కింది.

దినాలు అయ్యాక ఆడవాళ్ళు అరుగు మీద చేరారు. మాట వంకాయ మీదికి వచ్చింది. ఊళ్ళో ఆ విత్తనం ఎవరి దగ్గరా లేదు. అన్న లచ్చయ్య పెళ్ళాం బాలలక్ష్మి దగ్గర కొంత ఉండేది. రెండు కరువులూ నారు పోసింది, రెండుసార్లూ నారు మడిలోనే మాడిపోయింది.

"పిల్ల పెండ్లికి సంతల నీలం వంకాయ తెచ్చి వండినం అమృతా. ఇస్తర్ల ముందల కూసుండి ముసలోళ్ళు మొఖమొఖాలు చూసుకున్నరు," అంది బాలలక్ష్మి. "ఇంక గా ఇత్తునం నీ కాడనే ఉన్నది. నీ కాడ లేకుంటే లేనట్టే."

"ఏడు కాయలకు దారం కట్టిన వదినె. ఉగాదికి తెస్త. ఇంటింటికి గుప్పెడు పంచినా ఒడువయి," అంది అమృతమ్మ. జీవితంలో మొదటిసారి ఆమె నలుగురి ముందు ఉన్నదానిలా మాట్లాడింది.

మర్నాడు పొద్దున బయల్దేరబోతుంటే బాలలక్ష్మి పొయ్యి ముందు కూచుని బూడిద జల్లెడ పడుతోంది. కడిగి ఆరబెట్టిన గురిగిలో ఆ మెత్తటి బూడిద పోసి గూట్లో పెట్టింది. "నువ్వొచ్చేదాక గిది గిట్లనే ఉంటది," అంది.

అమృతమ్మ మౌలాలిలో రైలు దిగి లాలాపేటకు నడిచింది. పదకొండు రోజుల తరవాత వస్తోంది. గుడిసె ముందు బండ మీద రాజలింగు కొత్త ఖాకీ అంగీ వేసుకుని కూచున్నాడు. మడతలు ఇంకా పోలేదు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె వస్తే అతను లేచి నిలబడ్డం ఎన్నడూ లేదు.

"పర్మనెంట్ అయిన అమృతా! కాయితం వచ్చింది. సామేలు మేస్త్రి సొంతంగ తెచ్చిచ్చిండు. గియాల్టి సంది రోజుకూలీ లేదు, నెల జీతమే." తార్నాక నుంచి తెచ్చిన జిలేబీ పొట్లం చేతిలో పెట్టాడు.

ఆమె మొహం విప్పారింది. ఎందుకు విప్పారదు? రెండేళ్ళుగా తోట మేస్త్రి కనుసన్నల్లో బతికారు, వద్దంటే పోవడం, రమ్మంటే రావడం. "ఎట్ల అయింది?" అంది.

"క్యాంపస్‌ల కూరగాయల పోటీ పెట్టిండ్రు గద. రీడరు సారు మడికి ఫస్టు నంబరొచ్చింది. సారుకు కప్పిచ్చిండ్రు. గా సారే పర్మనెంటుకు నా పేరు రాసిండు."

"ఏం కాయలు పెట్టినవు?"

"మన వంకాయనే."

జిలేబీ పొట్లం బండ మీద పెట్టింది. "ఏ కాయలు?"

రాజలింగు అంగీ గుండీ సర్దుకున్నాడు. "రీడరు సారు కొయ్యమన్నడు. పెద్దయి కావాలె అన్నడు. నేనేం జేస్త? కాదంటనా?"

ఆమె ఇంక నిలబడలేదు. గుడిసెలోకి కూడా పోకుండా, చేతిలో మూటతోనే క్యాంపస్ వైపు నడిచింది. దారి పొడుగునా రీడరు గారిని ఏమనాలో కూడబలుక్కుంది. నెత్తి మీద వెంట్రుకలు ఊడేట్టు మట్టి మోస్తే, ఇచ్చిన మాట ఇట్లా తప్పుతారా అని అడగాలి. పనిలోంచి తీసేస్తే తీసేయనీ.

పెరట్లో నాలుగు మళ్ళూ నున్నగా దువ్వి ఉన్నాయి. వంగ మొక్క ఒక్కటి లేదు. వరసలు వరసలుగా క్యాబేజీ నారు. అమృతమ్మ మూట గట్టు మీద పడేసింది. ప్రమీలమ్మ వాకిట్లోంచి చూసి వచ్చింది.

"మాట ఇస్తిరి గదమ్మా!" అంది అమృతమ్మ. కూడబలుక్కున్నదంతా పోయి ఆ ఒక్కటే మిగిలింది.

ప్రమీలమ్మ బిత్తరపోయింది. "అదేమిటి, నీకు తెలీదా? నేను వద్దనే అన్నాను అమృతమ్మా. దారం కట్టినవి నీవని ఆయనకూ చెప్పాను. సరే, పోటీకి మిగతావే పెడదాంలే, బహుమతి రాకపోతే పోయిందన్నారు. మీ రాజలింగే ఒప్పించాడు. 'ఇంట్ల గురిగి నిండ ఇత్తునాలున్నయమ్మా, అమృతనే కొయ్యమని చెప్పి పోయింది' అన్నాడు. గింజలు ఉన్నాయి కదా అని, ఆయన మొక్కలు తీయించి క్యాబేజీ వేయించారు."

అమృతమ్మ ఆమె మొహంలోకి చూసింది. అబద్ధం లేదు అక్కడ. ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది. గురిగిలో ఒక్క గింజ లేదని ఈ లోకంలో తెలిసింది ఇద్దరికే, తనకూ మొగుడికీ. బూడిద జల్లించిన రోజు అతను పక్కనే కూచుని బీడీ తాగాడు.

"మొక్కలు ఏడేసిండ్రమ్మా?"

తోట వెనక చెత్త గుంటలో వేశారు. ఆమె గుంటలోకి దిగింది. ఇరవై మూడు మొక్కలూ వేళ్ళతో సహా ఎండి, ఆకులు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. అక్కడక్కడా వేలెడు పిందెలు ముడతలు పడి వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ గోటితో చీల్చి చూసింది. లోపల తెల్లగా, నీళ్ళు నీళ్ళుగా ఉంది. గింజ కట్టనే లేదు. ఇరవై మూడు మొక్కలూ చూసి గానీ పైకి రాలేదు.

బహుమతి వచ్చిన కాయల్ని ముఖ్య అతిథి ఇంటికి పంపించారని ప్రమీలమ్మే చెప్పింది. ఎవరో పెద్దాఫీసరు, తార్నాకలో ఇల్లు. అమృతమ్మ అక్కడికీ పోయింది. ఒక్క కాయ మిగిలినా చాలు. అటక మీదో, బుట్ట అడుగునో ఒక్కటి మిగిలి ఉండకపోతుందా? పచ్చిదైనా ముదిరే దాకా వచ్చిన కాయే, నీడన మాగేస్తే నాలుగు గింజలైనా దక్కుతాయేమో. ఒక్క కాయలో వందల గింజలుంటాయి. నాలుగు మొలిచినా ఊరికి చాలు. అట్లా లెక్కలు వేసుకుంటూ, ఆ ఇంటి వెనక తలుపు తట్టింది.

వంట చేసే ఉప్పలమ్మ తలుపు తీసింది. భువనగిరి దిక్కు మనిషి, మాటను బట్టి తమ వైపు మనిషేనని పోల్చుకుని వెంటనే కూచోబెట్టి నీళ్ళిచ్చింది. వంకాయలు అనగానే మొహం చిట్లించింది.

"గా ఏడు కాయలా? ఎర్ర దారాలు కట్టి ముస్తాబుగ పంపిండ్రు గద! గుత్తి వంకాయ చేసిన. ఏం కాయలమ్మా అవి, నోట్ల పెడితే గింజలే గింజలు, చేదు. దొర ఒక్క ముద్ద తిని పళ్ళెం నూకిండు. నన్ను నాలుగు మాటలన్నడు. ఎన్క కొట్టంల బర్రెకేసిన. అది సుత మూతి తిప్పి తిన్నది."

"ఏడుకేడు ఏస్తివా అక్కా? ఒక్కటన్న…"

"ఏడు." ఉప్పలమ్మ ఆమె వైపు పరీక్షగా చూసింది. చెంబు కింద పెట్టి, నెమ్మదిగా అడిగింది. "దారం… ఇత్తునానికి కట్టిందా?"

అమృతమ్మ తల ఊపింది.

"పట్నంల ఎవ్వలు కడతరనుకున్ననే," అంది ఉప్పలమ్మ. తెలిసిన చెయ్యే కోసింది, తెలిసిన చెయ్యే వండింది.

పొద్దు వాలుతుండగా అమృతమ్మ గుడిసె చేరింది. రాజలింగు అన్నం వండి పెట్టాడు. అదీ కొత్తే. జిలేబీ పొట్లం ఇంకా బండ మీదే ఉంది, చీమలు పట్టాయి.

"రీడరు సారు కొయ్యమన్నడా?" అంది ఆమె.

అతను గొంతు పెంచాడు. తప్పు చేసిన మొగవాళ్ళకు అదొక దారి.

"నేనే కోసిన. ఏం జేస్తవు? పోస్టు ఒక్కటే ఉన్నది, పేర్లు రెండున్నయి. నాది, నా తోటి కూలి పేరయ్యది. పేరయ్య చూసే మడి వంకాయలు సుత పోటీల ఉండె. తూకంల మనయి తక్కువైతే గీ అంగీ వాని ఒంటి మీద ఉంటుండె. ఇత్తునం ఇత్తునం అంటవు. ఏడ పోస్తవు ఇత్తునం? భూమున్నదా మనకు? గీ బండ మీద పోస్తవా? గా గింజలు బువ్వ పెడతయా? నేను పెడత ఇంక, నెల నెల."

అతను అన్నదాంట్లో ఆమెకు అబద్ధం వెతికినా దొరకలేదు, అదే అన్నిటికంటే కష్టంగా తోచింది. భూమి లేదు, బండే ఉంది. జీతం వస్తుంది, తింటారు. ఊళ్ళో పొయ్యి వెనక, జల్లించిన బూడిద నింపుకున్న గురిగి ఒకటి తన కోసం చూస్తోందని అతనికి చెప్పాలనుకుంది. చెప్పినా, దానికీ అతని దగ్గర జవాబు ఉంటుంది.

"అడిగితే ఇద్దునేమో," అంది చివరికి. "ఒక్కటి ఉంచుకుని ఆరు ఇద్దును."

"ఆరు పెడితే పేరయ్య తూకం ఎక్కువైతుండె," అన్నాడు రాజలింగు. తూచి చూసుకున్నాడన్న మాట. ఏ కాయ తీస్తే ఎంత తగ్గుతుందో ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాడు.

అమృతమ్మ లేచి గూట్లోంచి గురిగి దించింది. మూతికి కట్టిన గుడ్డ విప్పింది. పొద్దుటి నుంచి అంట్లు అట్లాగే ఉన్నాయి. పీచు తడిపి, గురిగిలోని బూడిద దాని మీద వంచి, మొగుడు తినే పళ్ళెం తోమడం మొదలుపెట్టింది.

"ఏయ్, అది ఇత్తునపు బూడిద గదనే!" రాజలింగు గాబరాగా లేచాడు. "మీ అమ్మది!"

"ఇత్తునం లేనంక పొయ్యిల బూడిదనే," అంది.

పళ్ళెం తళతళలాడేదాకా తోమింది. గురిగిలో మిగిలిన బూడిదతో గిన్నెలు కూడా తోమింది. కడిగి, అన్నం వడ్డించి, పళ్ళెం అతని ముందు పెట్టింది. ఖాకీ అంగీ విప్పకుండానే అతను తిన్నాడు.